కడిగినట్టున్న గిన్నె

ఉన్‌గ్యె మఠం, జిరిసాన్ కొండ
పదో నెల, పౌర్ణమి మర్నాడు

తమ్ముడు ఇన్‌గ్యూకి,

నిన్నటితో మా చలికాలపు దీక్ష మొదలైంది. ఫోన్లన్నీ వెదురుబుట్టలో వేసి అటకెక్కించాం. మొదటి నెల పౌర్ణమికి దీక్ష విడిచేదాకా ఉత్తరాలే దిక్కు. సరుకుల బండితో వస్తాయి, బండితోనే పోతాయి.

పోయిన వారం టోఫు చుట్టి వచ్చిన వార్తాపత్రికలో నీ ఫోటో చూశాను. జుట్టు నెరిసింది. వయసు మీదపడ్డవాళ్ళ కండ కరిగిపోవడానికీ, పేగుల్లో బతికే సూక్ష్మజీవులకూ ఉన్న సంబంధం మీద పనిచేస్తున్నావని రాశారు. కాగితం తడిసి సగం పోయింది. మిగిలినంత చదివాను.

రాయడానికి కారణం నా గురువు ముజిన్ సునిమ్. మేమంతా పెద్ద సునిమ్ అంటాం. నాకు గుండు గీసిన చెయ్యి ఆమెదే. ఎనభై దాటాయి. నలభై ఏళ్ళు ఈ మఠంలో సోయాగింజలు పులియబెట్టే జాడీలన్నీ ఆమె చేతిమీద నడిచాయి. వేసవిలో ఊపిరితిత్తులకి జబ్బుచేసి లేచారు. లేచారన్న మాటే గాని, నేలమీంచి లేవలేకపోతున్నారు. ఇద్దరం చెరో పక్కా పట్టాలి.

ఆకులు రాలే రోజుల్లో పెద్ద మఠం అధిపతి భిక్షుణి వచ్చి అది చూశారు. ఇక్కడన్నీ మెట్లు, మంచు. దీక్ష విడిచే రోజుకి ముజిన్ సునిమ్ తనంతట తాను నేలమీంచి లేస్తే సరే, లేకపోతే పట్నంలో ముసలివాళ్ళ ఆస్పత్రికి పంపాలన్నారు. పెద్ద శిష్యురాలిని నేను. సరేనన్నాను.

ఆమె మూటలో బట్టలు పెట్టే చెయ్యి నాదే అవుతుంది. ఏం చెయ్యగలనో చెప్పు.

తెల్లవారుజామున దీపం దగ్గర నీ పేరు చెప్తూనే ఉన్నాను. ఇది అడగడానికని అది మొదలుపెట్టలేదు.

చేతులు జోడించి,
దొయొన్


తేజొన్
పదో నెల చివర

గౌరవనీయులైన దొయొన్ సునిమ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజు పూజ తర్వాత మీ చేతిరాత చూడటం ఇదే. తమ్ముడూ అని రాశారు. సన్యాసం పుచ్చుకున్నవాళ్ళకి తోబుట్టువులుండరు, ఇంట్లోవాళ్ళైనా సునిమ్ అనే పిలవాలి అని అప్పట్లో అమ్మకి మీరే చెప్పారు. నేనప్పుడు బడిపిల్లవాణ్ణి. చెప్పింది బాగా గుర్తుంది కాబట్టి అలాగే పిలుస్తున్నాను.

విషయానికొస్తాను. పేగుని ఒక ఊరనుకోండి. మనం అరిగించుకోలేని పీచుని, అంటే ధాన్యం పొట్టు, గింజలు, ఆకులు, దుంపల్ని, ఆ ఊళ్ళోవాళ్ళు తిని కొన్ని ఆమ్లాలు తయారుచేస్తారు. అవి పేగు గోడని గట్టిగా ఉంచుతాయి, రక్తంలోకి వెళ్ళి ఒంట్లో సన్నగా రగిలే వాపుని చల్లారుస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ పీచు తినే జాతులు తగ్గుతాయి. ఘాటైన యాంటీబయాటిక్ మందులు పడితే మరీ తగ్గుతాయి. గోడ వదులవుతుంది, రగలడం పెరుగుతుంది. అప్పుడు తిన్న మాంసకృత్తుల్ని కండ సరిగా వాడుకోలేదని మా అనుమానం. మనుషుల్లో ఈ రెండూ జంటగా కనిపిస్తున్నాయి. ఏది దేన్ని లాగుతోందో ఇంకా ఖాయంగా తెలియదు. ఎలుకల్లో మాత్రం మాకు మంచి ఫలితాలొచ్చాయి.

నాకు మూడు సంగతులు కావాలి. వేసవిలో ఏం మందులు వాడారు? ఇప్పుడు ఏం తింటున్నారు? మూడోది, పిక్క కొలత. మీ రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి వలయం చేసి, ఆవిడ పిక్క లావుగా ఉన్నచోట చుట్టండి. వేళ్ళు కలవకపోతే మంచిదే. కలిసి, లోపల సందు మిగిలితే కండ పోయినట్టు.

దీంతో ఒక డబ్బా పంపుతున్నాను. అందులో గొట్టం ఉంది. ఆవిడ మలం కొద్దిగా అందులో తీసి పంపితే ఊళ్ళో ఎవరు మిగిలారో చూస్తాను. మఠాల్లో పెద్దవాళ్ళవి మాకు ఇంతవరకు దొరకలేదు, మా పనికీ ఉపయోగమే. ఆ మాట దాచను.

ఇట్లు,
హన్ ఇన్‌గ్యూ


ఉన్‌గ్యె మఠం
పదకొండో నెల మొదట్లో

తమ్ముడికి,

మందు పేరు వేరే చీటీ మీద రాశాను. రెండు వారాలు వాడారు. ఘాటైనదే.

కాళ్ళు కడిగే నెపంతో వేళ్ళు చుట్టాను. కలిశాయి. లోపల సందులో ఇంకో వేలు పడుతుంది. "నా కాలికి గాజు తొడుగుతున్నావా" అన్నారు.

తిండి సంగతి. పళ్ళు ఊడాక హ్యెసు తెల్లబియ్యం జావ కాచి, వడగట్టి ఇస్తోంది. హ్యెసు మా వంటింటి భిక్షుణి. గింజ తగలకుండా మెత్తగా కాయడం దాని భక్తి. చలి కనుక పెద్ద సునిమ్‌ని అందరం భోంచేసే పెద్దగదికి రప్పించకుండా, వెనకగదికే పళ్ళెం పట్టుకెళ్తున్నాను. గిన్నె ఎప్పుడూ కడిగినట్టు తిరిగొస్తుంది. తిన్నాక నీళ్ళు పోసి, ముల్లంగి ముక్కతో గిన్నె తుడిచి ఆ నీళ్ళు తాగేసే అలవాటు మా అందరిదీ. ఆమెది మరీను. ఒక్క మెతుకు వదలరు.

పనంటావేమో. జాడీల పని నేనే మాన్పించాను. ఈ వయసులో గురువు చేత చేయిస్తే మాకు ముఖం చెల్లదు. తుడిచే గుడ్డ కూడా చేతిలోంచి తీసుకున్నాను. ఏమీ అనలేదు.

నీ డబ్బా చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీ తమ్ముడు ఇంత చదివింది దీనికోసమా?"

"ఔను సునిమ్."

"వాళ్ళ ఊళ్ళో దొరకదా?"

"మీదే కావాలట."

"నా దగ్గర చూపించేంత ఏం లేదే అమ్మాయ్. తిప్పి పంపెయ్."

హ్యెసు నవ్వాపుకోలేక బయటికి పోయింది. డబ్బా తిప్పి పంపుతున్నాను. ఏమీ అనుకోకు.

చేతులు జోడించి,
దొయొన్


తేజొన్
పదకొండో నెల

దొయొన్ సునిమ్ గారికి,

డబ్బా అందింది. చూపించేంత లేదన్నారా. మా ఆచార్యులెవరూ అంత వినయంగా మాట్లాడరు.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే కారణం కళ్ళముందే ఉంది. వేసవిలో మందు ఊరిని ఖాళీ చేసింది. తర్వాత మీరు వడగట్టిన జావ పోశారు. తిరిగొచ్చినవాళ్ళకి తినడానికేం లేదు. హ్యెసు సునిమ్ భక్తికి నా నమస్కారం చెప్పి, ఆ జల్లెడ మాత్రం దాచెయ్యమనండి. బార్లీ రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించండి. నల్ల సోయాగింజలు నలిపి కలపండి. సముద్రపు నాచు, ఎండబెట్టిన ముల్లంగి ఆకు, పులిసిన కిమ్చీ పచ్చడి సన్నగా తరిగి పెట్టండి. పూటపూటా టోఫు ఉండాలి. కండకి ముడిసరుకు అదే.

రెండోది, పని. తిండి ఇటుకలు తెచ్చిపోస్తుంది. గోడ కట్టమని మేస్త్రీకి చెప్పేది పని. లేచి కూర్చోవడం, నడవడం, బరువు పట్టుకోవడం, ఏదో ఒకటి రోజూ ఉండాలి. ముఖం చెల్లకపోతే ముఖం తిప్పుకుని చేయించండి.

మా ప్రయోగశాలలో ముసలి ఎలుకలకి పడుచు ఎలుకల పేగు జీవుల్ని ఎక్కించాం. కొన్ని వారాల్లో కడ్డీ పట్టుకుని వేలాడే బలం పెరిగింది. నా కళ్ళతో చూశాను. అందుకే ధైర్యంగా చెప్తున్నాను, తిండి మార్చండి, ఆవిడ లేస్తారు.

ఇంకొక్క మాట. కాళ్ళు కడిగే నెపంతో కొలిచానని రాశారు. అమ్మ కాళ్ళు చివరి ఏడాది ఎలా ఉండేవో మీరు చూడలేదు. చూసి ఉంటే ఆ వలయం సంగతి నన్నడగాల్సిన పని ఉండేది కాదు.

ఇట్లు,
ఇన్‌గ్యూ


ఉన్‌గ్యె మఠం
పదకొండో నెల, ఎర్ర గింజల జావ కాచే రోజు

తమ్ముడికి,

ఏడాదిలో ఇదే పొట్టి పగలు. జావ కాచి కీడు రాకుండా గుమ్మాలకి చల్లాం.

అమ్మ కాళ్ళు నేను చూడలేదు. నువ్వన్నది నిజం.

జల్లెడ దాచాం. హ్యెసు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి బార్లీ తనే నానబెడుతోంది. నువ్వు చెప్పినవన్నీ పెడుతున్నాం. గిన్నె కడిగినట్టే వస్తోంది. చూసినప్పుడల్లా నాకు ధైర్యం వచ్చేది.

ఇప్పుడది రావడంలేదు. మొన్న స్నానాలగది గుమ్మం దగ్గర మోకాళ్ళు మడతపడి జారిపోయారు. దెబ్బ తగల్లేదు. లేపుతుంటే నా చేతుల్లో ఎండుకట్టెల మోపు ఉన్నట్టుంది. నిన్న మళ్ళీ వేళ్ళు చుట్టాను. సందు పెరిగింది.

నీ ఊళ్ళోవాళ్ళు నా మాట వింటున్నట్టు లేదు.

పని చెప్పలేదు. ఆమె పని చేసే చేతుల్ని చూస్తూ పెరిగినదాన్ని. కూర్చోబెట్టి చూసుకోవడమే శిష్యురాలి వంతు అనుకున్నాను.

బుద్ధుడి ముందు కూర్చుంటే నాకిప్పుడు ప్రార్థన రావడంలేదు. పట్నం ఆస్పత్రి గది ఎలా ఉంటుందోనన్నదే వస్తోంది. కిటికీ ఉంటుందా?

చేతులు జోడించి,
దొయొన్


తేజొన్
పన్నెండో నెల

దొయొన్ సునిమ్‌కి,

కిటికీ ఉంటుంది. తెరుచుకోదు. అమ్మ గదికీ అంతే.

మీకొక సంగతి చెప్పాలి. పోయిన ఉత్తరం రాసేటప్పటికే కొంత తెలుసు. రాయలేదు. మా ఎలుకల ప్రయోగం రెండోసారి చేశాం. అవే జీవులు, అదే మోతాదు, అదే మేత. ఈసారి ఏమీ కాలేదు. ముసలి ఎలుకలు ముసలిగానే ఉన్నాయి. నెలంతా తప్పెక్కడో వెతికాం. చివరికి పంజరాలు తోమే ఆవిడ అంది, "పోయినసారి ఇందులో తిరిగే చక్రాలుండేవి కదా, తియ్యమన్నారు కదా" అని. స్థలం చాలక మేమే తీయించాం. ఎవరికీ గుర్తులేదు. అంటే మొదటిసారి ఆ ఎలుకలు తిన్నాయి, పరుగెత్తాయి. రెండోసారి తిని పడుకున్నాయి. చక్రం వల్లే బలం వచ్చిందా, జీవుల వల్లా, రెండూ కలిస్తేనా, మళ్ళీ మొదటినుంచి చూడాలి. లేస్తారు అని నేను అంత గట్టిగా రాసి ఉండకూడదు. పత్రికవాళ్ళకి కూడా చెప్పి ఉండకూడదు.

అయినా మీరు రాసింది లెక్కకి అందడంలేదు. పని లేకపోయినా, అంత తిండి తింటే అంత తొందరగా కరగకూడదు. ఏదో ఒకటి నిలబడాలి. మీరు పోయిన రెండు ఉత్తరాల్లోనూ గిన్నె గురించి రాశారు. కడిగినట్టు వచ్చిందన్నారు. మీ మఠంలో గిన్నె ఎవరిదైనా అలాగే వస్తుంది, అది మీ నియమం. గిన్నె చూశారు సరే, ఆవిడ నోరు చూశారా?

పక్కన కూర్చుని చూడు అక్కా.

ఇన్‌గ్యూ


ఉన్‌గ్యె మఠం
పన్నెండో నెల

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివిన పూటే చూశాను. ఇది కాస్త పొడుగవుతుంది.

మా ముంగిట్లో ఆకలి ఆత్మలకి మెతుకులు పెట్టే రాయి ఉంది. భోజనానికి ముందు అందరం చిటికెడు తీసి అక్కడ పెడతాం, పిట్టలు తింటాయి. ఈ చలికాలం ఆ రాయి మీద మెతుకులు ఎండిపోతున్నాయి. పిట్టలు రావడంలేదు. మంచు ఎక్కువనుకున్నాం.

పళ్ళెం లోపల పెట్టి, తలుపు వేసి, ఈసారి వెళ్ళలేదు. వసారా చుట్టి వెనకవైపుకి నడిచాను. పెద్ద సునిమ్ గది వెనక చూరు కింద పిట్టలన్నీ ఉన్నాయి. పొట్టలు గుండ్రంగా ఉన్నాయి. కిటికీ కాగితపు తలుపు అరచెయ్యంత తెరుచుకుంది. చెంచా బయటికొచ్చింది. బార్లీ, నలిపిన గింజలు, టోఫు. తర్వాత చెయ్యి లోపలికెళ్ళింది. గిన్నె తుడుస్తున్న చప్పుడు వినిపించింది.

లోపలికెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆమె గిన్నె గుడ్డలో చుడుతున్నారు.

"ఎన్నాళ్ళనుంచి సునిమ్?"

"ఏంటి?"

"పిట్టలు."

"వాటికి ఆకలే."

"మీకు లేదా?"

"కూర్చునే పనికి కూర్చునేంత తిండి చాలదూ? రెండు చెంచాలు తింటున్నాగా." కిటికీవైపు చూసి, "అవి పొద్దున్నే లేచి మంచులో వెతుక్కుంటాయే. నాకంటే అవే నయం" అన్నారు.

అప్పుడు అర్థమైంది. మా వంటింటి గుమ్మం మీద ఒక చెక్కపలక ఉంది. 'పని చేయని రోజున తిండి లేదు.' పూర్వపు గురువులు పెట్టిన నియమం. పళ్ళెం పట్టుకుని రోజూ దాని కిందనుంచే వచ్చేదాన్ని.

"ఆ పలక మీలాంటివాళ్ళకి కాదు సునిమ్" అన్నాను.

"ముసలివాళ్ళకి కాదని దానిమీద రాసుందా? నా కళ్ళు సరిగా ఆనవు, నువ్వే చదివి చెప్పు."

నేను పళ్ళెం పక్కకి జరిపాను.

"నా చేతిలోంచి జాడీ గుడ్డ తీసుకున్నావు. నేనేమన్నా అన్నానా? నువ్వు పెద్దదానివైపోయావ్, మఠం నడుపుతున్నావ్, పని లేదంటే లేదు. నీ మాట నువ్వు నడుపుకున్నావ్. నా నియమం నేను నడుపుకున్నాను. ఇందులో ఏడవడానికేముంది?"

ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

"ఆ గొట్టం డబ్బా అందుకేనా తిప్పి పంపమన్నారు?"

"తినకపోతే చూపించడానికేం ఉంటుందే? మీ తమ్ముడు తెలివైనవాడు. పట్టేసేవాడు."

మర్నాడు పొద్దున్న మెజు ముద్దలు మోసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఉడికించి దంచి ఇటుకల్లా చేసిన సోయాగింజలు. ఎండుగడ్డి తాళ్ళతో కట్టి వేలాడదీస్తే, గడ్డిలోని జీవులు పట్టి పులుస్తాయి. ఈ ఏడాది మేమే కట్టాం. సగం జారి పడిపోయాయి. తలొంచి, "సునిమ్, మాకు రావడంలేదు, కట్టిపెట్టాలి" అన్నాను. మర్యాదకన్న మాట కాదు. నిజంగానే రావడంలేదు.

ఒక ముద్ద తీసి వాసన చూశారు. తాడు లాగి చూశారు.

"ఇది ఎవరు కట్టారు?"

"హ్యెసు."

"ముడా ఇది? జోరీగ కుట్టినట్టుంది. దాన్ని పిలు. గడ్డి తడిపి తెమ్మను. కొత్త గడ్డి కాదు, కొట్టంలో ఎండింది."

మధ్యాహ్నం భోజనం వేళకి గోడ పట్టుకుని నిలబడాలని చూశారు. మేమే లేపాం. పెద్దగదికి తీసుకొచ్చి అందరి మధ్యా కూర్చోబెట్టాం. అందరిలాగే తన నాలుగు గిన్నెలూ తనే పరుచుకున్నారు. నేను ఈసారి గిన్నె చూడలేదు. నోరు చూశాను. నమిలారు. పళ్ళు లేకపోయినా చాలాసేపు నమిలారు.

చేతులు జోడించి,
దొయొన్


తేజొన్
పన్నెండో నెల చివర

అక్కా,

పిట్టల సంగతి చదివి ప్రయోగశాలలో గట్టిగా నవ్వాను. నా విద్యార్థులంతా నావైపు చూశారు. తర్వాత నవ్వు రాలేదు.

పెద్దగదికి తీసుకురావడం మంచి పని చేశావు. ఒక కప్పు కింద ఉండి, ఒక వంట తినేవాళ్ళ పేగుల్లో జీవులు కూడా ఒకరివి ఒకరికి కలుస్తాయని ఈమధ్య చూస్తున్నారు. మీ అందరి ఊళ్ళోంచి ఆవిడ ఊరికి కొందరైనా వలస రావచ్చు. ఇది ఆశ. హామీ కాదు. హామీలు ఇవ్వడం మానేశాను. చక్రాలు మాత్రం పంజరాల్లో మళ్ళీ పెట్టించాను.

కండ నెమ్మదిగా వస్తుంది. ఆ వయసులో మరీ నెమ్మది. పౌర్ణమి దగ్గర్లోనే ఉంది. వలయం బిగుసుకుంటుందని ఎదురుచూడకు. ముందు కాళ్ళకి లేవడం గుర్తు రావాలి. కండ తర్వాత వస్తే వస్తుంది.

అమ్మ గిన్నె కూడా కడిగినట్టే ఉండేదక్కా. ఆదివారాలు వెళ్ళినప్పుడు నర్సు చూపించి మెచ్చుకునేది. ఆ మాట ఇక్కడ రాసి వదిలేస్తున్నాను. జవాబు వద్దు.

దీక్ష విడిచే రోజు నన్ను రమ్మంటావా? మూలన కూర్చుంటాను.

ఇన్‌గ్యూ


ఉన్‌గ్యె మఠం
మొదటి నెల, పౌర్ణమికి కొన్నాళ్ళ ముందు

ఇన్‌గ్యూకి,

రావద్దు. కొత్తవాళ్ళు చూస్తుంటే ఆమె ఇంకా మొండికేస్తారు.

పంచాంగంలో గుర్రం రోజు చూసుకుని జాడీల్లో జాంగ్, అంటే సోయా రసం, వేశాం. ఉప్పునీళ్ళలో మెజు ముద్దలు, పైన బొగ్గు, ఎండుమిరప. పెద్ద సునిమ్ చాపమీద కూర్చుని నాలుకతో ఉప్పు చూశారు. మూడుసార్లు ఇంకా వెయ్యమన్నారు. నాలుగోసారి, "ఇక చాలు, సముద్రం చేస్తారా" అని హ్యెసుని తిట్టారు. హ్యెసు ముఖం వెలిగిపోయింది. దాన్ని తిట్టేవాళ్ళు లేక చాలా రోజులైంది.

రెండు పూటలా తింటున్నారు. గోడ పట్టుకుని వసారా చివరిదాకా నడుస్తున్నారు. పొద్దున ఎండకి జాడీల మూతలు తియ్యడం, సాయంత్రం ముయ్యడం మళ్ళీ ఆమెదే. మేం లేపి నిలబెడితే, పక్కన ఒకరు నడిస్తే, చేస్తున్నారు. మూత ఎత్తేటప్పుడు మోచేతులు వణుకుతాయి. నా చేతులు ముందుకి పోతాయి. వెనక్కి తీసుకుంటాను. ఈ చలికాలం నా సాధన అదే అయింది.

వలయం అలాగే ఉంది. నేలమీంచి లేవడం ఇంకా రాలేదు. అధిపతికి ఇచ్చిన మాట ఉంది. మూటకి గుడ్డ ఉతికి పెట్టాను. ఎక్కడ ఆరేశానో ఆమె చూశారు.

అమ్మ పేరు దీపం దగ్గర రోజూ చెప్తాను. నువ్వు జవాబు వద్దన్నావు. ఇది జవాబు కాదు.

చేతులు జోడించి,
దొయొన్


ఉన్‌గ్యె మఠం
మొదటి నెల, పౌర్ణమి వెళ్ళాక

ఇన్‌గ్యూకి,

దీక్ష విడిచాం. బుట్ట దించి ఫోన్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చారు. నాది ఇంకా తెరవలేదు. ముందు ఇది రాయాలి.

పెద్ద మఠం అధిపతి ముందురోజే వచ్చారు. పొద్దున్న బాగా ఎండగా ఉంది. పూజ అయ్యాక అందరం పెద్దగదిలో వరసగా కూర్చున్నాం. అధిపతి పెద్ద సునిమ్‌కి వంగి నమస్కరించి, నెమ్మదిగా అన్నారు.

"ఒక్కసారి లేవండి సునిమ్, చూద్దాం."

"ఎక్కడికి పోవాలి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే."

"ఊరికే లేచే వయసా నాది? పనుంటే చెప్పు, లేస్తాను."

ఎవరూ నవ్వలేదు. అధిపతి నావైపు చూశారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. ఉతికిన గుడ్డ గుర్తొచ్చింది. చెప్పాల్సిన మాట నోటిదాకా తెచ్చుకున్నాను.

అప్పుడు తలుపుల కాగితం మసకబారింది. ఎండ పోయింది. చూరుమీద ఇసుక జల్లినట్టు చిన్న చప్పుడు. పెద్ద సునిమ్ తల అటు తిరిగింది.

"మూతలు" అన్నారు.

జాడీలన్నీ తెరిచి ఉన్నాయి. మంచు నీళ్ళు పడితే జాంగ్ పాడవుతుంది. హ్యెసు సగం లేచింది. దాని అంగీ కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను. అధిపతి కూడా కదిలారు. "కూర్చోండి" అన్నాను. అధిపతితో నేనలా ఎప్పుడూ మాట్లాడలేదు.

పెద్ద సునిమ్ మమ్మల్నెవరినీ చూడటంలేదు. ఒక అరచెయ్యి నేలకి ఆనించారు. ఒక మోకాలు ముందుకి తెచ్చారు. అది జారింది. మళ్ళీ తెచ్చారు. రెండో చెయ్యి ఆ మోకాలి మీద వేసి, తల వంచి, కొంతసేపు అలాగే ఉన్నారు. పిక్క వణకడం అంగీ మీంచి కనిపించింది. ముందుకి పోకుండా నా చేతుల్ని నా కిందే పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత వీపు పైకొచ్చింది. తర్వాత ఆమె నిలబడి ఉన్నారు.

గోడ పట్టుకుని తలుపు తీసి వెళ్ళిపోయారు. మూతలు ఒక్కొక్కటీ పడుతున్న చప్పుడు విన్నాం. చివరిది పడలేదు. అప్పుడు లేచి వెళ్ళాను.

జాడీల మధ్య రాతిమీద కూర్చుని ఉన్నారు. భుజాల మీద మంచు. చివరి జాడీ పెద్దది. దాని నోటిమీద తన అంగీ చెంగు పరిచి పట్టుకున్నారు.

"ఏమే, చూస్తూ నిలబడ్డావ్? ఆ మూత నువ్వు వెయ్యి. దానికి నా బలం చాల్లేదు."

వేశాను.

"ఇప్పుడు భుజం ఇవ్వు. మూతలకని లేచాను గాని, తిరిగి ఎలా వెళ్తానో అనుకోలేదు."

భుజం ఇచ్చాను. తేలికగానే ఉన్నారు. కానీ ఈసారి ఎండుకట్టెల మోపులా లేరు. ఆ బరువు నావైపు ఒరగకుండా తన కాళ్ళమీద ఆగడం నాకు తెలిసింది.

అధిపతి వసారాలో నిలబడి అంతా చూశారు. మేం వసారా ఎక్కాక, "జాంగ్ వడగట్టేదాకా జాడీలు చూసే మనిషిని కదపకూడదు" అన్నారు. వడగట్టాక సంగతి ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. వడగట్టాక మాగబెట్టాలి. మాగాక మళ్ళీ గింజలు ఉడికించే కాలం వస్తుంది. అన్నేళ్ళు పెద్ద సునిమ్ బతకకపోవచ్చు. ఉన్నన్నాళ్ళు ఇక్కడే ఉంటారు, పనిలో ఉంటారు. ఆ ఉతికిన గుడ్డ ఇప్పుడు చివరి జాడీకి మూతకట్టు అయింది.

సాయంత్రం ఆమె నన్ను పిలిచి, "మీ తమ్ముడి గొట్టం ఏది?" అన్నారు.

"మీరేగా తిప్పి పంపమన్నారు."

"మళ్ళీ పంపమని రాయి. ఇప్పుడు చూపించడానికి ఉంది."

పోస్టులో పంపకు. నువ్వే పట్టుకురా. వడగట్టే రోజుల్లో జాడీలు వంచడానికి మా దగ్గర గట్టి చేతులు తక్కువ. భోజనం మాతోపాటే పెద్దగదిలో. ఆ పలక కిందనుంచే లోపలికి రావాలి, కనుక ముందు పని.

అమ్మ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. నువ్వు చూసిన కాళ్ళ గురించి చెప్పు. నేను వింటాను.

అక్క